బంగారము భూమిలో ప్రోగైన విధము: కోలారు గనులు నేర్పు పాఠము

లాల్‌బాగు తోటలో కెంపేగౌడ గోపురము నిలిచియున్న బండ మన విద్యార్థులందరికిని పరిచితమే. సెలవునాడు తల్లిదండ్రులతో వెళ్ళి ఆ బండపైకి ఎక్కి నగరమును చూడనివారు మనలో అరుదు. ఆ బండ వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. "అయ్యా, ఈ రాతిలో బంగారమున్నదా?" అని మీలో నొకరు అడిగినచో, లేదని చెప్పుట సులభమే గాని అది సత్యము కాదు. ఆ రాతిలోను బంగారము కలదు. మన పాఠశాల పునాది రాతిలోను, ఇంటి గడపరాతిలోను కూడ కలదు. అయితే అది ఎంత యున్నదో లెక్క చూచిన పిమ్మటనే గని యనగా నేమో మనకు తెలియగలదు. ఈ పాఠమున ఆ లెక్కతో ప్రారంభించి, మన నగరమునకు సమీపముననే యున్న కోలారు బంగారు గనుల కథతో ముగింతము.

లెక్క

భూమి పైపొరయందలి శిలలను సగటున చూచినచో, ఒక టన్ను రాతిలో బంగారము సుమారు 3, 4 మిల్లీగ్రాములకు మించి యుండదు. 4 మిల్లీగ్రాములనియే అనుకొందము. మన ఇండ్లలో సవరను బంగారమనగా 8 గ్రాములు. ఆ ఒక్క సవరను కొరకు 2,000 టన్నుల రాయి పిండిచేయవలెను. పది టన్నులు మోయు లారీలు 200 కావలెను. ఆ ఖర్చుతో ఎన్ని సవరనులు కొనవచ్చునో మీ తండ్రిగారిని అడిగి తెలిసికొనుడు.

ఇక కోలారు గనులను చూడుడు. పని బాగుగ సాగిన తొలి దినములలో అచ్చట టన్ను రాతికి 40 గ్రాములకు పైగా బంగారము లభించెడిది. 40 గ్రాముల లెక్కన ఒక సవరనుకు 200 కిలోల రాయి చాలును. అది నాలుగు సిమెంటు బస్తాల బరువు. అనగా సామాన్య శిలలో కంటె అచ్చటి శిలలో బంగారము పదివేల రెట్లు చిక్కగా నున్నదన్నమాట. కావున గనిని గూర్చి మనము అడుగవలసిన ప్రశ్న "బంగారము ఎక్కడ నున్నది?" అనునది కాదు. అది అంతటను ఉన్నది. "అంతటను చెదరియున్న బంగారమును ఒక్కచోటికి చేర్చినదెవరు?" అనునదే ప్రశ్న.

బంగారము భూమిలో పుట్టదు

బంగారము నేలలో పండుననియు, రాయి ముదిరి బంగారమగుననియు కొందరు పెద్దలు తలంతురు. అది పొరపాటు. బంగారము ఒక మూలకము. దాని పరమాణువులు భూమి పుట్టుకకు పూర్వమే ఆకాశమున సంభవించిన మహా విపత్తులలో తయారైనవి. 2017వ సంవత్సరము ఆగస్టు నెలలో రెండు న్యూట్రాన్ నక్షత్రములు ఒకదానితో నొకటి ఢీకొనుటను శాస్త్రజ్ఞులు గుర్తించి, బంగారము వంటి బరువైన మూలకములు అట్టి సంఘటనలలో పుట్టుననుటకు నిదర్శనములు కనుగొనిరి.

సుమారు 454 కోట్ల సంవత్సరముల క్రిందట భూమి ఏర్పడినప్పుడు అది మిక్కిలి వేడియై కరిగియుండెను. ఇనుము బరువైనది గనుక కేంద్రమునకు దిగిపోయెను. బంగారములో అత్యధిక భాగము దానితోడనే దిగిపోయెను. మనకు అందుబాటులో నున్నది పైపొరలో మిగిలిన స్వల్పభాగమే. నాటినుండి నేటివరకు భూమి క్రొత్తగా బంగారమును చేయలేదు. ఉన్నదానిని ఒకచోటినుండి మరియొకచోటికి మార్చుచున్నది. ఈ మార్పు చేయుటలో దానికి ముఖ్యమైన సాధనము నీరు.

కోలారు నల్లరాతి పట్టీ

బెంగళూరునుండి తూర్పుగా నూరు కిలోమీటర్ల దూరములో కోలారు బంగారు గనులు గలవు. ఆ ప్రాంతమున రెండు ప్రక్కల లాల్‌బాగు బండవంటి బూడిదరంగు శిలలుండగా, వాని నడుమ ఉత్తర దక్షిణములుగా సుమారు 80 కిలోమీటర్ల పొడవున ఒక నల్లరాతి పట్టీ సాగియున్నది. దాని వెడల్పు చాలచోట్ల 4 మొదలు 6 కిలోమీటర్లు మాత్రమే. దక్షిణపు కొనలో ఈ పట్టీ చిత్తూరు జిల్లాలోని చిగురుగుంట, బిసానత్తం ప్రాంతమునకు చేరును.

ఈ నల్లరాయి పూర్వము లావా. సుమారు 270 కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రగర్భమున పొంగి గడ్డకట్టినది. తరువాత భూమి పైపొరలో కలిగిన ఒత్తిడివలన అది ఇరుప్రక్కల శిలల నడుమ నలిగి, మడతలు పడి, అడుగుభాగము మిక్కిలి లోతునకు క్రుంగినది. అచ్చటి వేడికి రాతిలోని ఖనిజములలో బంధింపబడియున్న నీరు వెలికి వచ్చినది. నీరనగా మన బావినీరువంటిది కాదు. దాని వేడి 300 డిగ్రీల సెంటిగ్రేడునకు పైమాట. పైనున్న శిలల బరువుచేత అంత వేడిలోను అది ఆవిరియై ఎగిరిపోలేదు. దానిలో బొగ్గుపులుసు వాయువును, గంధకమును కలిసియున్నవి.

బంగారము నీటిలో కరుగదని మనకు తెలియును. చింతపండు పులుసుకుగాని ఉప్పునీటికిగాని అది లొంగదు. కాని గంధకముతో కూడిన ఆ వేడినీటిలో మాత్రము బంగారము కొద్దికొద్దిగా కరుగును. మన ఇండ్లలో ప్రతి ఉదయము జరుగు పనిని గమనింపుడు. కాఫీ ఫిల్టరులో పై గిన్నెనిండ పొడి యుండును. వేడినీరు ఆ పొడి అంతటిలో ఇంకి, సారమును తీసికొని, చుక్కచుక్కగా క్రింది గిన్నెలో చేరును. అట్లే కోలారు లోతులలో వేడినీరు ఘనకిలోమీటర్ల కొలది శిలలలో ప్రాకి, టన్నుకు కొన్ని మిల్లీగ్రాముల చొప్పున నున్న బంగారమును గ్రహించి, పగుళ్ళవెంట పైకి నడచినది. ఒక్క భేదము, డికాక్షను క్రిందికి దిగును, ఆ నీరు పైకి ఎక్కినది.

నీరు బంగారమును ఎందుకు విడిచినది?

మోసికొని వచ్చిన బంగారమును నీరు ఒక్కచోట దింపిననే గని యేర్పడును. దానికి రెండు కారణములు ముఖ్యముగా చెప్పవచ్చును.

మొదటిది ఒత్తిడి తగ్గుట. గోలీసోడా బుడ్డిలో గోలీని లోపలికి నొక్కినప్పుడు బుస్సుమని వాయువు పైకి తన్నుకొని వచ్చును. అంతవరకు ఒత్తిడిచే నీటిలో అణగియున్న వాయువు ఒత్తిడి సడలగానే విడివడును. భూకంపము వచ్చి లోతుననున్న శిల పగిలినప్పుడు ఇట్లే జరుగును. పగులులో ఒత్తిడి హఠాత్తుగా తగ్గి, వాయువులు విడిపోవును. బంగారమును పట్టియుంచిన గంధకము నీటిలో తగ్గగా బంగారము అచ్చటనే నిలిచిపోవును. ఆ నీటిలోనే కరిగియున్న ఇసుకపదార్థము కూడ గడ్డకట్టి పలుగురాయిగా పగులును నింపును. మరల ఒత్తిడి పెరిగి, మరల భూకంపము వచ్చి, మరల పగిలి, మరల నిండును. ఇట్లు వేలకొలది పర్యాయములు జరిగినది.

రెండవది నల్లరాతిలోని ఇనుము. గంధకమునకు బంగారముతో కంటె ఇనుముతో మైత్రి హెచ్చు. ఇనుము అధికముగానున్న శిలలను తాకినంతనే గంధకము దానితో కూడి వేరు ఖనిజమగును. తోడు వీడిన బంగారము రాతిలోనే చిక్కుకొనును. కోలారు గనులలో ఈ రెండు విధముల నిక్షేపములును గలవు. పలుగురాతి చారలలో నున్నది ఒకటి, గంధకపు ఖనిజములతో కలిసియున్నది మరియొకటి.

కోలారునకు కీర్తి తెచ్చిన చాంపియన్ చార అను పలుగురాతి పొర సామాన్యముగా ఒక మీటరు కొలది మందము గలది. కాని అది కిలోమీటర్లకొలది పొడవున సాగి, మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. రాయచూరు జిల్లాలోని హట్టి గనియు, అనంతపురము ప్రాంతమున రామగిరి గనులును, ఆస్ట్రేలియా దేశమున కాల్‌గూర్లీ గనులును ఈ జాతికి చెందినవే. నల్లరాతి పట్టీ, లోతైన పగులు, వేడినీరు అను మూడును కలిసినచోట్ల ఇట్టి నిక్షేపములు వెదకవలెనని శాస్త్రజ్ఞులు నేర్చుకొనిరి.

ఏరు గాలించిన బంగారము

అన్నము వండుటకు ముందు తల్లి బియ్యమును నీటిలో గాలించుట మీరు చూచియుందురు. బియ్యము పైకి తేలుచు వేరొక గిన్నెలోనికి జారును. రాళ్ళు బరువగుటచే అడుగున నిలుచును. ఏరు కూడ ఈ పనినే చేయును. ఎండకు వానకు శిల చివికి ఇసుక యగును. ఇనుము తుప్పుపట్టి మాయమగును గాని బంగారము చెడదు. బంగారము సమానమైన పరిమాణముగల ఇసుకకంటె ఏడు రెట్లు బరువైనది. ప్రవాహము ఇసుకను కొట్టుకొనిపోగా బంగారపు రేణువులు ఏటి వంపులలోను, బండల వెనుకను, గుంటల అడుగునను నిలుచును. ఝార్ఖండు ప్రాంతపు సువర్ణరేఖ నది, కేరళలో నీలంబూరు వద్ద ప్రవహించు ఏరు ఇందుకు పేరుపొందినవి. 1848లో కాలిఫోర్నియాలో ఒక రంపపుమిల్లు కాలువలో కనిపించిన రేణువులే లక్షలాది జనులను ఆ దేశమునకు రప్పించినవి.

కోలారు ప్రాంతపు పల్లెజనులకు ఈ విద్య తరతరములనుండి తెలియును. 1802లో జాన్ వారెన్ అను సైనికాధికారి ఆ ప్రాంతమును కొలతవేయుచు బంగారపు మాటలు వినెను. బంగారము తెచ్చి చూపినవారికి బహుమాన మిత్తునని ప్రకటింపగా, ఊరిగాం వైపు గ్రామస్థులు మన్ను తెచ్చి ఆయన యెదుటనే కడిగి రేణువులు చూపిరి. చాలకాలము తరువాత, వారెన్ వ్రాసిన సమాచారమును చదివి, బెంగళూరు దండులో నివసించుచున్న మైకేల్ లావెల్ అను ఐరిషు సైనికుడు 1871లో ఎడ్లబండిలో కోలారు వైపు పయనమై, 1875లో గని త్రవ్వుటకు అనుమతి పొందెను. నేడు మన నగరములోని లావెల్ రోడ్డు ఆయన పేరిటనే యున్నది. కాని ఆయనకు దారిచూపినది పేరు తెలియని ఆ పల్లెజనుల చేతివిద్యయే యని మనము మరువరాదు.

ఇతర దేశములలో ఇతర విధములు

ఏటిపని పూర్వకాలమునను ఇట్లే సాగినది. దక్షిణాఫ్రికాలో విట్‌వాటర్స్‌రాండ్ అను ప్రాంతమున సుమారు 290 కోట్ల సంవత్సరముల నాటి నదులు గులకరాళ్ళతోపాటు బంగారమును చేర్చినవి. అవి పాతుకుపోయి గట్టి శిలలైనవి. తరువాత లోతుననున్న వేడినీరు కూడ ఆ బంగారమును కొంత కదల్చినదని తలంతురు. 1886లో బయటపడిన ఆ శిలలనుండి, మానవులు ఇంతవరకు త్రవ్విన బంగారమంతటిలో నాల్గవవంతుకు మించి లభించినది.

అగ్నిపర్వతములున్న దేశములలో వేరొక విధము కలదు. అచ్చట శిలాద్రవము భూతలమునకు సమీపముననే యుండుటచే వేడినీరు పైపైకి వచ్చి మరుగును. మరిగినచోట బంగారము దిగును. జపానులోని హిషికారి గని అట్టిది. శిలాద్రవము కొంత లోతున చల్లారినచో రాగియు బంగారమును కలిసి విస్తారమైన రాతి గుట్టలలో చిమ్మినట్లు చేరును. ఇండొనీషియాలోని గ్రాస్‌బర్గు ఇందుకు నిదర్శనము. అమెరికాలోని నెవాడా రాష్ట్రమున 1961లో కార్లిన్ అను ఊరివద్ద మరియొక వింత బయటపడినది. అచ్చటి సున్నపురాళ్ళలో బంగారము కంటికి కనబడదు. ఇసుకను కడిగినను చిక్కదు. గంధకపు ఖనిజములలో పరమాణువులుగా దాగియున్నది. అంతకు పూర్వము ఆ రాళ్ళను కాలితో తన్నుకొనుచు నడచినవారు ఎందరో యుందురు.

సముద్రము, పర్వతము, నది, అగ్నిపర్వతము అను చోట్లు వేరైనను పద్ధతి ఒక్కటే. చెదరిన దానిని గ్రహించుట, మోయుట, ఒకచోట దింపుట అను మూడు మెట్లు లేనిది ఎచ్చటను గని లేదు.

ప్రోగు తరిగిన కథ

లావెల్ తరువాత 1880లో జాన్ టేలర్ అండ్ సన్సు అను ఆంగ్ల సంస్థ కోలారున పని చేపట్టెను. మొదట నష్టములే కలిగెను. పురాతనుల త్రవ్వకపు గుంటల వెంబడి మరింత లోతునకు పోగా చాంపియన్ చార చిక్కెను. తరువాత ఊరిగాం, మైసూరు, నందిదుర్గ, చాంపియన్ రీఫ్ గనులు వర్ధిల్లెను. కావేరిపై శివనసముద్రమున పుట్టిన విద్యుత్తు 1902లో ఈ గనులకు చేరెను. బెంగళూరు వీధులలో దీపములు వెలిగినది 1905లో. అనగా రాజధానికంటె ముందు గనికి వెలుగు వచ్చెను.

చిత్తూరు, ఉత్తర ఆర్కాటు మొదలైన ప్రాంతములనుండి తెలుగువారు, తమిళులు కుటుంబములతో వచ్చి గనులలో దిగిరి. మూడు కిలోమీటర్ల లోతున రాతివేడి 60 డిగ్రీలు దాటును. పైనున్న శిలల బరువుచే గోడలు ఉన్నట్టుండి ప్రేలి పనివారిపై పడుచుండెను. రాతిధూళిని పీల్చి ఊపిరితిత్తులు చెడి మరణించినవారును ఎందరో. 1956లో మైసూరు ప్రభుత్వమును, 1962లో కేంద్రప్రభుత్వమును గనులను స్వీకరించెను. 1972లో భారత్ గోల్డ్ మైన్సు సంస్థ ఏర్పడెను. కాని లోతు పెరిగినకొలది ఖర్చు పెరిగినది, రాతిలో బంగారము తగ్గినది. టన్నుకు 40 గ్రాములు వచ్చినచోట చివరకు 3, 4 గ్రాములైనది. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి.

ఇన్నేండ్లలో అచ్చట దొరికిన బంగారము సుమారు 800 టన్నులు. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పుగల తరగతిగదిలో దానినంతటిని పోసినచో మన బల్లల యెత్తువరకు మాత్రమే వచ్చును. దాని కొరకు పిండిచేసిన రాయి మాత్రము మూడు కోట్ల టన్నులకు పైగా తెల్లని గుట్టలై నేటికిని ఊరి ప్రక్కన నిలిచియున్నది. 1887లో గ్లాస్గో నగరమున కనుగొనబడిన సైనైడు పద్ధతిచే బంగారము తీయగా మిగిలిన పిప్పి యది. గాలి వీచినప్పుడు ఆ ధూళి లేచి ఇండ్లలో పడుచున్నది. అందులో ఇంకను టన్నుకు ఒక గ్రాముకంటె తక్కువగా బంగారము మిగిలియున్నది. లాల్‌బాగు బండతో పోల్చిన అది గొప్పదే. దానిని తిరిగి కడుగవలెనను ఆలోచనలు సాగుచున్నవి.

మనము నేర్వవలసినది

భూమి కోట్లకొలది సంవత్సరములు శ్రమించి కూర్చిన ప్రోగును మనుష్యులు సుమారు 120 ఏండ్లలో తీసివేసిరి. చెట్టు నరికిన మరల మొలచును. ఏటినీరు వానకు మరల నిండును. కాని చాంపియన్ చార మరల నిండదు. ఆ ప్రోగును నమ్ముకొని ఒక పట్టణము వెలసినది. ప్రోగు తీరిన తరువాత ఆ పట్టణపు జనులు వేకువనే మారికుప్పం, బంగారపేటల నుండి రైలెక్కి పని కొరకు మన బెంగళూరు వచ్చుచున్నారు. గని మూతపడునని శాస్త్రజ్ఞులకు ముందే తెలియును. దానిలో పనిచేయు కుటుంబములకు ఆ మాట వేళకు తెలిసి, బిడ్డల చదువులకు, వేరు పనులకు ఏర్పాట్లు జరిగియున్నచో వారి కష్టము కొంతయైన తగ్గియుండెడిది. ఖనిజమేదైనను, బొగ్గుగాని ఇనుముగాని, ఇదియే న్యాయము. గని తెరచిననాడే అది మూయునాటి లెక్క కూడ వేయవలెను.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. మన పాఠశాలలో చదువు పిల్లలలో కొందరి తాతలు, ముత్తాతలు ఆ గనులలో దిగినవారే. వారు అచ్చట చూచినది పుస్తకములలో లేదు. ఇంట తెలుగున చెప్పుకొన్న ఆ కథలు వారితోనే పోకముందు పిల్లలచే వ్రాయింపుడు.

అభ్యాసము

1. టన్నుకు 4 గ్రాముల బంగారముగల రాయి ఎంత పిండిచేసిన ఒక సవరను లభించును? టన్నుకు 40 గ్రాములున్నచో ఎంత చాలును?

2. ఇసుకలో కొంచెము ఇనుపరజను కలిపి, వెడల్పైన పళ్ళెములో నీటితో గాలించి చూడుడు. రజను ఎచ్చట నిలిచినది? ఎందుకు?

3. కోలారు చార, సువర్ణరేఖ ఇసుక, హిషికారి గని అను మూడింటిలో బంగారమును మోసినదేది? దింపినదేది? పట్టికగా వ్రాయుడు.

4. మీ బంధువులలోగాని పొరుగువారిలోగాని కోలారు గనులలో పనిచేసిన పెద్దలున్నచో, వారు ఏ గనిలో, ఎంత లోతున, ఏ పని చేసిరో అడిగి ఒక పుటకు మించకుండ వ్రాసి తెండు. మంచివానిని రాబోవు సంచికలో ప్రకటింతుము.